ఒక్క షాపూ ఖాళీ లేదు

ఆఫీసులో ఆమెను ఎదురుగా మేడమ్ అనేవాళ్ళు, వెనకాల తక్కెడమ్మ అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారోగాని అతికినట్టు సరిపోయింది. బ్యాంకులు పెద్ద పెద్ద భవనాలు తాకట్టు పెట్టుకుని అప్పులిస్తాయి గదా, ఆ భవనం నిజంగా ఎంత చేస్తుందో వెళ్ళి చూసి చెప్పడం ఆమె పని. ఆఫీసులు, గోదాములు, హోటళ్ళు, మాల్స్. యజమాని ఎంత పొగిడినా ఆమె ముల్లు అటు మొగ్గేది కాదు, బ్యాంకు ఎంత కసిరినా ఇటు మొగ్గేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మానాన్నలు పోయాక తమ్ముణ్ణి తనే సాకింది, చదివించింది, ఓ ఇంటివాణ్ణి చేసింది. ఇప్పుడు తనూ, తమ్ముడూ, మరదలూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

ఒక రోజు పెద్దసారు ఆమెను తన గదికి పిలిచాడు. ఆ కంపెనీ ఆయనదే. ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవని మనిషి, ఆ రోజు లేచి ఆమెకు కుర్చీ జరిపాడు.

“కూర్చోమ్మా. రింగురోడ్డు దాటాక మాల్ ఉంది చూశావూ, దానిమీద పెద్ద అప్పు అడుగుతున్నారు. బ్యాంకుకి తొందరగా రిపోర్టు కావాలి. నువ్వే చూడాలి.”

“అది మూతపడలేదా సార్? ఆమధ్య బస్సులో పోతూ చూశాను. దీపం పెట్టే దిక్కు లేనట్టుంది.”

“చేతులు మారింది. కొత్త యజమాని మంచి హుషారైనవాడు. ఇప్పుడు ఒక్క షాపూ ఖాళీ లేదట.”

“నా చేతిలో రెండు గోదాములున్నాయి కదా సార్. ఇంకెవరికైనా…”

“బ్యాంకువాళ్ళు నీ పేరే అడిగారు. నీ సంతకం ఉంటే రెండోసారి చదవరు, తెలీదా నీకు?”

పొగడ్తకు పొంగని మనిషి ఎక్కడుంటాడు! తక్కెడమ్మ కూడా కాస్త పొంగింది. ఫైలు చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎందుకో వెనక్కి చూసింది. పెద్దసారు బల్లమీద రెండు చేతులూ ఆనించి, అది కాస్తా లాగేస్తే పడిపోయేవాడిలా వంగి నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మరదలు తమ్ముణ్ణి ఆటపట్టిస్తోంది. అతను అంతకుముందు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టి చేతులు కాల్చుకున్నాడు. చాలాకాలం ఇంటిపట్టునే ఉండి, కుక్కిన పేనులా ఒక మూల కూర్చునేవాడు. కొన్ని నెలల కిందటే ఉద్యోగం దొరికింది. సేల్సు అన్నాడు. ఎక్కడ అంటే ఊరవతల అన్నాడు. జీతం మాత్రం ఒకటో తారీకున ఠంచనుగా వస్తోంది.

“వదినా, మీ తమ్ముడి బూట్లు చూశారా? కొన్నరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. సేల్సువాళ్ళ బూట్లు అరిగిపోతాయంటారు. ఈయన గాల్లో తేలుతూ పోతున్నారో ఏమో!”

తమ్ముడు నవ్వలేదు. అక్క నవ్వి, మాట మార్చడానికి, “రేపు నేను రింగురోడ్డు అవతల మాల్ చూడ్డానికి పోతున్నా,” అంది.

అతని చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

“రేపేనా?”

“రేపే. ఏం?”

“ఏం లేదు. అంత దూరం నువ్వెందుకక్కా? ఇంకెవర్నైనా పంపకూడదూ?”

“నా పేరే అడిగార్రా!”

అతను చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. కంచంలో సగం అన్నం మిగిలింది. మరదలు ఆ కంచాన్ని చూసి, వదినగారిని చూసి, పెదవి విరిచింది.

మర్నాడు ఆమె మాల్ గుమ్మంలో దిగేసరికి మేనేజరు ఎదురొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చొక్కాలో బిగిసి ఉన్నాడు. గుసగుసలాడినట్టు మాట్లాడతాడు. పక్కన నడవకుండా అరడుగు వెనక నడుస్తాడు. ఆమె ఆగితే ఆగుతాడు, తిరిగితే తిరుగుతాడు.

లోపల దీపాలు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. పాటలు మంద్రంగా వినిపిస్తున్నాయి. మెట్లు వాటంతటవే పైకి పోతున్నాయి. బట్టలు, వాచీలు, చెప్పులు, బొమ్మలు, రొట్టెల దుకాణం. పెద్దసారు చెప్పినట్టే ఒక్క షాపూ ఖాళీ లేదు. చేతుల్లో సంచులతో జనం అటూ ఇటూ తిరుగుతున్నారు.

ఇలాంటి సముదాయానికి ధర గోడల్నిబట్టి రాదు, అద్దెల్నిబట్టి వస్తుంది. షాపులు నిండి నెలనెలా అద్దె రాలుతుంటే అది పాడి ఆవు. అవే గోడలు, అదే నేల, షాపులు మూతపడితే వట్టిపోయిన గొడ్డు. అందుకే ఆమె ఎక్కడికెళ్ళినా షాపుల వాళ్ళను పలకరిస్తుంది. ముందు వాచీల కొట్టులోకి వెళ్ళి, అద్దె ఎంతని, వ్యాపారం ఎలా ఉందని అడిగింది.

కొట్టు మనిషి అద్దె చెప్పాడు. ఒక్క క్షణం ఆగి, “చాలా సంతోషంగా ఉన్నామండి. ఇంకా చాలాకాలం ఇక్కడే ఉంటాం,” అన్నాడు.

చెప్పుల కొట్టులో అడిగింది. ఆ అమ్మాయి అద్దె చెప్పింది. ఒక్క క్షణం ఆగింది. “చాలా సంతోషంగా ఉన్నామండి. ఇంకా చాలాకాలం ఇక్కడే ఉంటాం.”

బట్టల కొట్టాయన కూడా అదే అన్నాడు. అదే చోట ఆగి, అదే నవ్వు నవ్వాడు.

తక్కెడమ్మ అడగడం ఆపింది. చుట్టుపక్కల చూడ్డం మొదలుపెట్టింది. రొట్టెల దుకాణంలో అద్దాల వెనక బంగారు రంగు రొట్టెలు దొంతర్లుగా ఉన్నాయి, వాసన మాత్రం లేదు. చెప్పుల అమ్మాయిని రెండో కాలి చెప్పు చూపించమంటే, లోపల ఉందని వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. ఎర్ర సంచి పట్టుకున్న ఒకావిడ ఇందాకా ఎదురైంది, ఇప్పుడు మళ్ళీ ఎదురైంది. ఆ సంచి పక్షి ఈకలా ఊగుతోంది. ఆడవాళ్ళ బాత్రూముకి వెళితే నేల పొడిగా ఉంది, సబ్బు కాగితం కూడా విప్పలేదు. ఇంతమంది జనంలో ఒక్క పిల్లవాడు ఏడవడం లేదు. అమ్మా అది కొనిపెట్టు అని మారాం చేసేవాడు ఒక్కడు లేని బొమ్మల కొట్టును ఆమె జన్మలో చూడలేదు.

“పైన కళ్ళజోళ్ళ షాపు ఉంది మేడమ్,” అన్నాడు మేనేజరు వెనకనుంచి. “అదీ చూడండి. చాలా బాగుంటుంది.”

కళ్ళజోళ్ళ షాపులో తెల్లకోటు వేసుకుని తమ్ముడు నిలబడి ఉన్నాడు.

ఆమె నోట్లోకి వచ్చిన ‘ఒరేయ్’ అన్న మాట పళ్ళ వెనకే ఆగిపోయింది. ఎందుకంటే అతను ఆమెను చూసి, పరిచయం లేనివాడిలా తల వంచాడు.

“రండి మేడమ్.”

“ఈ షాపు… మీదేనా?”

“నాదేనండి.”

“పెట్టి ఎన్నాళ్ళయింది?”

“రెండేళ్ళు దాటిందండి.” ఒక్క క్షణం ఆగాడు. “చాలా సంతోషంగా ఉన్నామండి,” అన్నాడు. రెండో ముక్క బయటికి రాలేదు.

మేనేజరు మొట్టమొదటిసారి ముందుకొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. “మేడమ్‌గారికి ఒక జోడు చూపించవయ్యా. మొహమాటం ఎందుకు మేడమ్, మనవాడే,” అన్నాడు.

మనవాడే! ఆ మాట ఆమె చెవిలో సీసం పోసినట్టు దిగింది. తమ్ముడు ఒక ఫ్రేము తీసి ఆమె కళ్ళకు పెట్టాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఆమె చెయ్యి వదలని వేళ్ళు అవి. ఇప్పుడు ఆమె కణతలకు తగలకుండా ఫ్రేము కొసలు పట్టుకుని సరిచేస్తున్నాయి.

తర్వాత మేనేజరు తన గదిలో కాఫీ ఇప్పించాడు. ధర గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. “మా యజమానిగారికి కుటుంబాలంటే ప్రాణం మేడమ్. ఒక ఇంట్లో ఒకరికి అన్నం పెడితే ఆ ఇల్లంతా మనదే అంటారాయన,” అన్నాడు. “మీ మరదలుగారు కులాసానా?”

ఆమె కాఫీ తాగకుండానే లేచింది. బస్సులో కూర్చున్నాక లెక్క తట్టింది. తన చేతికి ఈ ఫైలు వచ్చింది నిన్న. తమ్ముడికి ఉద్యోగం వచ్చింది కొన్ని నెలల కిందట. అంటే ఫైలు తన దగ్గరికి వస్తుందని తనకంటే ముందే ఎవరికో తెలుసు.

ఇంటికి వచ్చాక తమ్ముడి కోసం వంటింట్లో కూర్చుంది. దీపం కూడా వెయ్యలేదు. అతను వచ్చి, బూట్లు విప్పి, ఆమె ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. మరదలు గుమ్మంలో నిలబడింది.

“చెప్పరా.”

“ఏం చెప్పనక్కా. చూశావుగా.”

“అక్కడ కూర్చునేవాళ్ళంతా నీలాంటివాళ్ళేనా?”

“అందరూను. వాచీలాయన ఇదివరకు బస్సు కండక్టరు. రొట్టెల కొట్టావిడ మిల్లులో పని పోయి వచ్చింది. మొదట్లో, మాల్ తెరిచేదాకా ఊరికే కూర్చోండి, అలంకారానికి అన్నారు. పొద్దున్నే వ్యానుల్లో తెస్తారు. బయటినుంచి ఎవరైనా చూడ్డానికొచ్చే రోజైతే తిరిగేవాళ్ళను కూడా తెస్తారు. వాళ్ళకి రోజు కూలి.”

“కాగితాల మీద సంతకాలు పెట్టావా?”

అతను తల వంచుకున్నాడు. “షాపు నా పేరునే ఉందక్కా. అద్దె ఒప్పందం నాదే. పాత తారీకు వేశారు. అప్పు మంజూరయ్యాక చింపేస్తాం అన్నారు.”

గుమ్మంలోంచి మరదలు, “చింపేస్తారు చింపేస్తారు! ముందు మీ బతుకు చింపుతారు,” అంది. ఆమె గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు.

తక్కెడమ్మ అసలు అడగాల్సింది అప్పుడడిగింది. “నేను వస్తానని నీకెప్పుడు తెలుసు?”

అతను గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు చూశాడు.

“ఉద్యోగంలో చేరిన రోజే. మేనేజరు అన్నాడు. మీ అక్కగారు భవనాలకు విలువకట్టే వాల్యుయరు కదా, మంచిది మంచిది అని.”

“చేరిన రోజే తెలుసు! నాకు చెప్పలేదు!”

“చెబితే మానెయ్యమంటావు. మళ్ళీ ఆ మూల కూర్చోవాలి. నువ్వు పెట్టిన అన్నం తింటూ ఎన్నాళ్ళని కూర్చోనక్కా? నువ్వు ఒక్కమాట అనకపోయినా నాకు గొంతు దిగేది కాదు.”

ఆమెకు కొట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక, “ఇక వెళ్ళకు. రేపే మానెయ్,” అంది.

“అలా కుదరదు. బొమ్మల కొట్టాయన మానేస్తానన్నాడు. మంచివాడు, నవ్వించేవాడు. ఒప్పందం చింపి నా చేతిలో పెడితేగాని కదలను అని గట్టిగా పట్టుబట్టాడు. మర్నాడు రాలేదు. ఆయన పేరున్న బ్యాడ్జీ పెట్టుకుని ఇంకెవరో వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. మేం ఎవ్వరం ఏమీ అడగలేదు. అడగబుద్ధి కాలేదు.”

మర్నాడు ఆమె పెద్దసారు గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. చూసిందంతా చెప్పింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా, నిజమా అనలేదు. అదే ఆమెకు సమాధానమైంది.

“ఒప్పందాలున్నాయి, సంతకాలున్నాయి, షాపుల్లో మనుషులున్నారు. ఇంకేం కావాలమ్మా నీకు?” అన్నాడు చివరికి.

“కొనేవాళ్ళు కావాలి సార్.”

“అది మన పని కాదు.”

“మన పనంతా అదే సార్. ఆ అద్దె ఎక్కణ్ణించి వస్తోందో చూడ్డమే.”

ఆయన కిటికీ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. “నా కొడుకు వ్యాపారం ఎవరి డబ్బుతో నడుస్తోందో నీకు తెలీదు. నాకూ ఆలస్యంగా తెలిసింది. నీకు తమ్ముడుంటే నాకు కొడుకు. ఇద్దరం ఒకే అడకత్తెరలో ఉన్నాం. నువ్వు నిండు మాల్ అని రాశావా, అందరం బయటపడతాం. ఖాళీ అని రాశావా, ఆ తప్పుడు ఒప్పందాలు చేసినవాళ్ళలో మొదటి పేరు నీ తమ్ముడిదే ఉంటుంది. అలాగే ఏర్పాటు చేశారు.”

“బ్యాంకువాళ్ళు నా పేరు అడగలేదన్నమాట.”

ఆయన చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు, గది చల్లగానే ఉంది.

ఆమె రెండు రోజులు రిపోర్టు ముట్టుకోలేదు. నిండు మాల్ అని ఒక్క ముక్క రాస్తే చాలు, ఇల్లు నిలబడుతుంది. ఎవరి డబ్బు? బ్యాంకుది. బ్యాంకు ఎవరిది? అక్కడ డబ్బు దాచుకున్న నానా జనానిది. వాళ్ళెవరూ తనకు తెలీదు. తమ్ముడు తెలుసు. వాడి పాల పళ్ళు కూడా తెలుసు. ఆ ఆలోచన తన బుర్రలోకి వచ్చినందుకే ఆమెకు తనంటే భయమేసింది.

ఆదివారం నాడు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బొమ్మల కొట్టాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. వీళ్ళను చూసి చాప వేసింది.

“ఆయనకు ప్రమోషన్ వచ్చిందండీ. వేరే ఊళ్ళో కొత్త మాల్ అట. ఉన్నపళంగా రమ్మన్నారట, బట్టలు కూడా తీసుకెళ్ళలేదు. డబ్బు మాత్రం పంపుతున్నారు.”

“మాట్లాడారా మీతో?” అని అడిగాడు తమ్ముడు.

“మాట్లాడ్డానికి తీరికుండదట. మెసేజీలు పెడతారు. బాగున్నాను, బెంగపడకండి అని.” ఆవిడ మిషను చక్రంమీద చెయ్యి పెట్టి ఆగింది. నవ్వబోయి నవ్వలేకపోయింది. “ఒక్కటే అర్థం కావడం లేదు తమ్ముడూ. పెళ్ళైనప్పట్నించీ నన్ను నువ్వు అనే అనేవాడు. పోట్లాడినా నువ్వే, ముద్దొచ్చినా నువ్వే. ఇప్పుడు మీరు అని రాస్తున్నారు.”

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది. ఆవిడ మళ్ళీ తల వంచి గుడ్డ సరిచేసుకుంది. సూది బెజ్జంలోకి దారం ఎక్కడం లేదు.

తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు సందు చివర ఆగి, ఆ ఇంటివైపు తిరిగి చూస్తూ నిలబడిపోయాడు. ఆమె అతని వీపు నిమిరింది. ఉద్యోగం సంగతి బయటపడ్డాక అతన్ని తాకడం అదే మొదలు.

ఇంటికి వచ్చి జరిగిందంతా మరదలికి చెప్పారు. ఆమె కొంగు బిగించి, “వదినా, మా ప్లీడరు పిన్నికి ఫోను చేస్తున్నా,” అంది. ఆ పిన్ని కోర్టులో పేరున్న మనిషి, పెళ్ళిలో తమ్ముణ్ణి ఒక పట్టు పట్టి ఏడిపించింది కూడా. రాగానే విషయం విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

“అల్లుడూ, నువ్వు దొంగవని వాళ్ళు చెప్పకముందే, నేను మోసపోయానని నువ్వు చెప్పాలి. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ళది ఫిర్యాదు, తర్వాత తెరిచినవాళ్ళది సంజాయిషీ. కేసు తప్పదు. కోర్టుల చుట్టూ తిరగడం తప్పదు. బొమ్మల కొట్టాయన సంగతి కూడా రాయి. భయంగా ఉందా?”

“ఉంది అత్తయ్యా.”

“ఉండాలి. లేకపోతే మళ్ళీ ఇంకోచోట సంతకం పెడతావు.”

తమ్ముడు ఆ సాయంత్రమే ప్లీడరు పిన్నితో పోలీసు స్టేషనుకు వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాడు. తక్కెడమ్మ ఇంట్లో కూర్చుని తన రిపోర్టు రాసింది. షాపులు అద్దెకు లేవు, ఉన్నట్టు కనిపిస్తున్నవి నిజం కావు, ఈ భవనానికి నేల ధర తప్ప ఇంకేం లేదు అని రాసి, ఇందులో ఒక షాపు మనిషి నా సొంత తమ్ముడు అని కూడా రాసింది. పెద్దసారుకు ఇవ్వలేదు. మర్నాడు నేరుగా బ్యాంకుకు పట్టుకెళ్ళింది.

బ్యాంకులో ఈ అప్పు చూసే అధికారి నడివయసు మనిషి, మాటకోసారి దగ్గుతుంటాడు. రిపోర్టు చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు.

“మేం ప్రత్యేకంగా మీ పేరు అడగలేదండీ. మీ ఆఫీసే మిమ్మల్ని పంపింది,” అన్నాడు. “నిజం చెప్పాలంటే నమ్మబుద్ధి కావడం లేదు. నేను కూడా వెళ్ళి చూశాను. జనంతో కిటకిటలాడుతోంది.”

“చెప్పి వెళ్ళారా, చెప్పకుండా వెళ్ళారా?”

ఆయన దగ్గాడు. శుక్రవారం పెద్ద అధికారులతో మరోసారి వస్తామని మాల్‌వాళ్ళకు అప్పటికే కబురు పెట్టి ఉన్నారట.

“శుక్రవారం ఎందుకు, ఇప్పుడే వెళ్దాం రండి,” అంది ఆమె. “ఖాళీ కాకపోతే నా లైసెన్సు మీ బల్లమీద పెట్టి పోతాను.”

వెళ్ళేసరికి మాల్ గుమ్మం ముందు కాపలావాడు స్టూలుమీద కూర్చుని టిఫిను డబ్బా విప్పుకుంటున్నాడు. వెనక అద్దాల తలుపులన్నీ చీకటిగా ఉన్నాయి. కారు దిగిన ఇద్దరినీ చూసి చెయ్యి ఊపాడు.

“ఇవాళ షో లేదు సార్, షాపులోళ్ళకి కూడా సెలవే. శుక్రవారం రండి. బ్యాంకోళ్ళు వస్తున్నారట, మనుషుల్ని గట్టిగా తెప్పిస్తున్నారు.”

అధికారికి దగ్గు కూడా రాలేదు. “బ్యాంకోళ్ళం మేమేనయ్యా,” అన్నాడు.

కాపలావాడి మొహం చూడాలి! తేలు కుట్టిన దొంగలా లేచి, డబ్బా మూత పెట్టడం కూడా మర్చిపోయి, తలుపు తాళం తీసేశాడు.

లోపల కదిలే మెట్లు కదలడం లేదు. పాటలు లేవు. షాపుల్లో సామానుమీద దుప్పట్లు కప్పి ఉన్నాయి. అధికారి ఫోను దీపం వేసి, ఒక షాపులోంచి ఇంకో షాపులోకి, ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగాడు. రొట్టెను వేలితో తట్టి చూశాడు. టకటకమంది. బొమ్మల కొట్టు దగ్గరికి వచ్చేసరికి దీపం వెలుగులో ఒక మనిషి కనిపించాడు. ఆ చీకట్లో, ఒక్కడే, బ్యాడ్జీ పెట్టుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నాడు.

“మీరెవరు?” అంది ఆమె.

అతను బ్యాడ్జీ మీదున్న పేరే చెప్పాడు.

“అది మీ పేరు కాదు. ఆ పేరుగల ఆయన భార్యను నేను చూసి వచ్చాను. ఆయనెక్కడ?”

“నేనేనండి,” అన్నాడతను. ఒక్క క్షణం ఆగాడు. “చాలా సంతోషంగా ఉన్నామండి.”

బయట కారు ఆగిన చప్పుడైంది. మేనేజరు గబగబా లోపలికి వచ్చాడు. ఎప్పుడూ లేనిది అతని జుట్టు చెదిరి ఉంది. అధికారిని చూసి గుసగుసగా ఏదో మొదలుపెట్టాడు గాని, బ్యాంకు మనిషి వినకుండా అతన్ని దాటి బయటికి వెళ్ళిపోయాడు. అప్పుడు మేనేజరు ఆమె వైపు తిరిగాడు. కోపం లేదు అతని మొహంలో. ఉన్నది జాలిలా కనిపించింది, దానికే ఆమె ఎక్కువ భయపడింది.

“ఇల్లు మారే ఆలోచన ఉందా మేడమ్?” అన్నాడు. “మారినా మాకు తెలుస్తుందిలెండి. ఊరికే అడిగాను.”

అప్పు ఆగిపోయింది. పోలీసులు వచ్చి మాల్‌కు సీలు వేశారు. పెద్దసారు ఆమెను పిలిచి ఉద్యోగం నుంచి తీసేస్తున్నానని చెప్పాడు. చెబుతూ ఆమె కళ్ళలోకి చూడలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయనే ఆఫీసు మూసుకుని కొడుకుతో ఎటో వెళ్ళిపోయాడని విన్నారు. మేనేజరు దొరికాడు, బెయిలుమీద బయటికి వచ్చాడు. యజమాని మాత్రం ఒక్క కాగితంమీద కూడా లేడు. అలాంటి మనిషి ఉన్నాడని నిరూపించడమే కష్టమైంది. తమ్ముడి పేరు నిందితుల్లోంచి తీసి సాక్షుల్లో రాయించడానికి ప్లీడరు పిన్నికి తలప్రాణం తోకకొచ్చింది. వాచీలాయన, రొట్టెల ఆవిడ కూడా ధైర్యం తెచ్చుకుని వచ్చి చెప్పారు. బొమ్మల కొట్టాయన జాడ ఇంతవరకూ తెలియలేదు. ఆయన పేరు పెట్టుకుని కూర్చున్నతను పోలీసుల దగ్గర కూడా అదే పేరు చెప్పాడు. బొమ్మల కొట్టాయన ఇంటికి డబ్బు వచ్చినన్నాళ్ళు వచ్చి ఒక నెల ఆగిపోయింది. ఆ నెల ఆయన భార్య మిషను వదిలేసి, నేరుగా వీళ్ళింటికి వచ్చి, మరదలి ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

తక్కెడమ్మ వీధి గదిలో సొంతంగా బల్ల వేసుకుంది. చిన్న చిన్న పనులు వస్తున్నాయి. తమ్ముడు టేపు పట్టుకుని కొలతలకు వెంట వస్తున్నాడు. బూట్లు అరుగుతున్నాయని మరదలు సంబరపడింది.

అద్దెకివ్వబడును అన్న బోర్డుతో ఎదురుగా ఒక ఇల్లు చాలాకాలంగా ఖాళీగా ఉండేది. ఒక రోజు ఆ బోర్డు తీసేశారు. కిటికీలకు కొత్త పరదాలు వచ్చాయి. సాయంత్రం పూట దీపం వెలుగుతోంది.

“ఎవరొచ్చారో పలకరించి వద్దామా వదినా?” అంది మరదలు.

“నువ్వు చూశావా ఎవర్నైనా?”

“లేదు. సామాను దిగడం కూడా చూళ్ళేదు.”

తక్కెడమ్మ కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎదురింటి దండెంమీద ఒక్క గుడ్డ ఆరేసి లేదు. వంట పొగ లేదు, మంచంమీద నుంచి ఎవరో ఎవర్నో కేకెయ్యడం లేదు. పరదా ఒకవైపు కొద్దిగా తొలగి ఉంది. ఆ సందులో ఒక చెయ్యి కనిపించింది. మర్యాదగా, పరిచయస్తులను పలకరించినట్టు, ఒకసారి ఊగింది.

మరదలు ఆమె భుజం గట్టిగా పట్టుకుంది. “కిటికీ మూసెయ్యండి వదినా.”

లోపల తమ్ముడు ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. చాలాకాలానికి తీస్తున్నాడు.

“వాడికి చెప్పకు, ఇప్పుడే చెప్పకు,” అంది తక్కెడమ్మ. “పిన్నికి ఫోను చెయ్యి.”

కిటికీ మాత్రం మూయలేదు. కుర్చీ లాక్కుని, ఆ పరదా సందుకు సరిగ్గా ఎదురుగా, తన మొహం బాగా కనిపించేలా కూర్చుంది.